మూతల మీద రాసిన నంబర్లు

మగ పేషెంటు చీటీ మీద గర్భ పరీక్ష రాసి వస్తే నవ్వకండి. ల్యాబు పని నేర్చుకుంటున్న మీ బ్యాచి పిల్లలు నన్ను పిలిచి, ఇన్నేళ్ల అనుభవంలోంచి నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. మంచి మాటలు నా దగ్గర పెద్దగా లేవు. ఒక తప్పు ఉంది, అది రాస్తాను. చదివాక మీరు నన్ను మళ్లీ పిలవకపోయినా ఏమీ అనుకోను.

మాది పాన్‌గల్ దగ్గర పల్లె. వనపర్తిలో చదువు, నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో పన్నెండేళ్లు, ఆ తర్వాత రిటైరయ్యేదాకా గద్వాల వైపు ఒక చిన్న ధర్మ దవాఖానలో. దాని పేరు రాయను. తప్పు నాది, దవాఖానది కాదు. ల్యాబంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్, నేను. పక్కగదిలో మందుల కౌంటరు. అక్కడ నాకంటే ఐదేళ్లు పెద్దవాడైన ఒక భాయ్ ఉండేవాడు. మా రెండు గదుల మధ్య గోడకు చిన్న కిటికీ ఉంది. చాయ్, పేపరు, డాక్టర్ల మీద వెక్కిరింపులు అన్నీ ఆ కిటికీలోంచే అటూ ఇటూ నడిచేవి.

నాగర్‌కర్నూల్‌లో ఉండగా ఒకసారి ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ల రిపోర్టులు తారుమారయ్యాయి. పెళ్లికాని పిల్లకు గర్భం ఉందని కాగితం వెళ్లింది. సాయంత్రానికల్లా ఆ పిల్ల మేనమామ వచ్చి నా చెంప పగలగొట్టాడు. కాగితాలు పంచింది వేరే వాడు, దెబ్బ తిన్నది నేను. అప్పటినుంచి సీసాకు ప్లాస్టరు ముక్క అంటించి, పేరు రాసి, మనిషి మొహం చూసి గానీ చేతికిచ్చేవాణ్ణి కాదు. నా సీసాలు మారవు అని అందరితో చెప్పుకునేవాణ్ణి. అవసరానికి మించి చెప్పుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక అసలు సంగతి. గద్వాలలో చీరలు నేసే ఇంటి అబ్బాయి ఒకడు మా దవాఖానకు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. గుంత మగ్గంలో కూర్చుని ముందుకు వంగితే, నేసిన చీర చుట్టుకునే కర్ర పొట్టకు ఆనుతుంది. అలా ఆనినప్పుడు లోపల ఏదో గట్టిగా తగులుతోందని అతనే కనిపెట్టాడు. కొన్నాళ్లు కర్రకూ పొట్టకూ మధ్య తువ్వాల మడిచి పెట్టుకుని నేశాడట. నొప్పి ఎక్కువయ్యాక స్కానింగు తీయించుకుంటే కడుపులో వెనకవైపు గడ్డలున్నాయని వచ్చింది. మా ప్రాంతంలో అలాంటివి కనబడితే ముందు గుర్తొచ్చేది టీబీ. చాలాసార్లు అదే అవుతుంది కూడా. వారానికి రెండుసార్లు వచ్చే పెద్ద డాక్టరు ఆ కాగితం చూసి టీబీ మందులు మొదలుపెట్టమన్నాడు.

రోజూ ఉండే డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎంబీబీఎస్ అయిపోయి, పీజీ పరీక్షకు చదువుకుంటూ మా దగ్గర పని చేసేది. నన్ను అంకుల్ అని పిలిచేది. ఆమెకు ఇది టీబీ అంటే నమ్మకం కుదరలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, పెద్ద గడ్డ చూస్తే పొత్తికడుపులో ఒక పక్కకు ఉంది. బట్టలు వదులు చేసి పడుకో, కింద కూడా చూడాలి అంటే అతను ఒప్పుకోలేదు. చూసేది ఆడ డాక్టరు, తలుపు బయట భార్య. అక్కడంతా మంచిగానే ఉందని లేచి కూర్చున్నాడట. మగ డాక్టరు వచ్చే రోజు రమ్మంటే సరేనన్నాడు, రాలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

చూడనివ్వకపోయేసరికి ఆ పిల్ల పుస్తకంలో చదివింది గుర్తు తెచ్చుకుని, అతని చీటీ మీద మూత్రంలో గర్భ పరీక్ష రాసింది. అప్పుడే అతని భార్య కూడా, నెల దాటి వారమైంది, నాక్కూడా చూడండి మేడం అని అడిగింది. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఆమెకు వేరే చీటీ మీద అదే పరీక్ష రాసింది. రెండు చీటీలూ నా బల్ల మీదికి వచ్చాయి.

అది సోమవారం, గర్భిణులు వచ్చే రోజు. వరండాలో బెంచీలు చాలక గోడవారగా కూర్చున్నారు. నా ప్లాస్టరు చుట్ట పొద్దున్నే అయిపోయింది. భాయ్‌ని అడిగితే స్టాకు రాలేదన్నాడు. సరే అని ఆ ఒక్క రోజుకు నల్ల మార్కరుతో సీసాల మూతల మీద నంబర్లు వేశాను. అతనికి పద్నాలుగు, ఆమెకు పదిహేను. రెండూ అతని చేతికే ఇచ్చి పంపాను. సీసా మీద రాయాల్సింది మూత మీద రాశాను. మూతలు మారతాయని మొదటి నెలలోనే నేర్పిస్తారు మనకు.

వాళ్లు తిరిగొచ్చేలోపు అతని చీటీ తీసుకెళ్లి కిటికీలోంచి భాయ్‌కి చూపించాను. అతను కళ్లద్దాలు పైకి నెట్టుకుని చదివాడు.

"మొగాయనకా? పాపం, జర పుల్లటి మామిడికాయలు గూడ రాసియ్యమను."

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. డాక్టరమ్మ రాత్రంతా చదివి తూగుతూ రాసి ఉంటుందని, ఒకే పరీక్ష రెండు చీటీల మీద పడిందని అనుకున్నాం. ఎందుకు రాసిందో వెళ్లి అడుగుదామని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు.

చీటీలో ఉంది కాబట్టి పరీక్ష కార్డు వృథా అని గొణుక్కుంటూనే రెండు పరీక్షలూ చేశాను. పదిహేను మీద ఒకే గీత వచ్చింది, అంటే గర్భం లేదు. పద్నాలుగు మీద రెండు గీతలు, అదీ చుక్క వేసీ వేయగానే.

నాకు అనుమానమే రాలేదు. ఇదంతా రాస్తున్నది ఆ ఒక్క వాక్యం మీకు చెప్పడానికే. ఎక్కడైనా ఏదైనా తారుమారైతే చెంప మీద దెబ్బ గుర్తొచ్చే మనిషిని నేను. బాత్రూంలో మూతలు మార్చి పెట్టి ఉంటారు అని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఇద్దరూ ఎదురుగా బెంచీ మీదే ఉన్నారు, పది అడుగుల దూరం. పిలిచి ఇంకోసారి ఇమ్మంటే అయిపోయేది. అది చేయకుండా నేనే సరిచేశాను. ఆమె కాగితం మీద పాజిటివ్ అని, అతని కాగితం మీద నెగటివ్ అని రాశాను.

ఆమెకు చెప్పింది కూడా నేనే. ఆమె నమ్మలేదు, మళ్లీ చెప్పమంది. అతను తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి బయటికి పోయి పావుకిలో జిలేబీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేనూ భాయ్ తిన్నాం.

మధ్యాహ్నం డాక్టరమ్మ ల్యాబుకు వచ్చింది. మామూలుగా రాదు. చేతిలో అతని కాగితం ఉంది. ఇది కచ్చితమేనా అంకుల్, ఇంకోసారి చేద్దామా అని అడిగింది.

"నా సీసాలు మారవమ్మా," అన్నాను.

ఆ మాట ఏ నోటితో అన్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆ పొద్దునే మూతలు మారాయని నమ్మినవాణ్ణి నేనే. ఆమె ఇంకేదో అనబోయి, నా తెల్లజుట్టు చూసి ఆగిపోయింది. అతనికి టీబీ మందులు మొదలుపెట్టారు. నెలన్నరకు డాక్టరమ్మ పీజీ సీటు వచ్చి వెళ్లిపోయింది.

అంతకుముందే, ఆ సోమవారం నుంచి పదహారు రోజులకు, అతని భార్య మళ్లీ వచ్చింది. రక్తస్రావమైందట. నర్సమ్మ కడుపు పోయిందని చెప్పింది. తొలిచూలు అప్పుడప్పుడు నిలవదమ్మా, దిగులు పడకు అని నేనూ ఓదార్చాను. నిజానికి ఆమెకు ఆలస్యంగా నెలసరి వచ్చింది, అంతే. ఆ సంగతి తెలిసే వీలున్న మనిషిని నేనొక్కణ్ణే, నాకు తెలియలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఎండాకాలంలో ఒకరోజు అతన్ని ఆటోలో తీసుకొచ్చారు. ఆ ఎండలో నిండా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, మాట మాటకూ ఆయాసం, దగ్గితే కఫంలో రక్తం. అప్పటికి మా దవాఖానలో ఒక పెద్దాయన చేరారు. సర్కారు సర్వీసు చేసి రిటైరైన సర్జను. మాట తక్కువ. రక్తం తీయడానికి నన్ను పిలిస్తే నేను తెర లోపలికి వెళ్లాను.

ఆయన దుప్పటి తీయబోతే అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇక్కడ మగవాళ్లమే ఉన్నాం బిడ్డా అని ఆయన నెమ్మదిగా విడిపించారు. అతని రొమ్ములు ఆడపిల్లలవిలా వాచి ఉన్నాయి. అవి కనబడకుండా ఉండేందుకే దుప్పటి. ఆయన కింద కూడా పరీక్ష చేశారు. ఎప్పటినుంచి ఇలా ఉంది అని అడిగారు. అతను నా వైపు చూసి, తల తిప్పుకుని చెప్పాడు.

"పుట్టినప్పటి సంది ఒకటే ఉంది సార్. మా అమ్మకు ఎరుకే. పెండ్లి గాదని ఎవ్వరికి చెప్పనియ్యలే."

మగపిల్లల వృషణాలు పుట్టకముందు కడుపులోనే ఉంటాయి. పుట్టేలోపు, లేదా పుట్టిన కొద్ది నెలల్లో కిందికి దిగుతాయి. ఎవరికో ఒకరికి ఒకటి దిగకుండా లోపలే ఉండిపోతుంది. అది పెద్దయ్యాక ఒక్కోసారి గడ్డవుతుంది. బీజకణాల గడ్డ అంటారు, ఒక రకం క్యాన్సరు. అరుదు, నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు. అందులో కొన్ని గడ్డలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఒంట్లో పుట్టే పదార్థాన్నే పుట్టిస్తాయి. రొమ్ములు వాచేది దానివల్లే. గర్భ పరీక్ష కార్డు పట్టేదీ దాన్నే. కార్డుకు ఆడా మగా తెలియదు. డాక్టరమ్మ వెతికింది దీన్నే. ఇవన్నీ ఆ రోజు సర్జన్‌గారు చెప్తుంటే చేతిలో సిరంజి పట్టుకుని విన్నాను.

మూత్రం తెప్పించి కార్డు వేయమన్నారు. ఈసారి సీసా ఒక్కటే. ఆయన పక్కన నిలబడి ఉండగానే రెండు గీతలు వచ్చాయి. ఆయన అతని పాత కాగితాలు తిరగేసి నా రాత దగ్గర ఆగారు. అప్పుడు నెగటివే, అంటే ఈ నాలుగు నెలల్లో పెరిగిందన్నమాట అని వాటిని పక్కన పెట్టేశారు.

నేను బయటపడిపోయాను. ఎవరూ ఏమీ అడగలేదు, ఇక అడగరు కూడా. ల్యాబుకు వచ్చి కుర్చీలో కూర్చున్నాను. భాయ్ కిటికీలోంచి నా మొహం చూసి ఏమైందన్నాడు. చెప్పాను. ఈ సంగతి తెలిసింది మనిద్దరికే కదా, పోనీ అన్నాడు. ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడి కిటికీ తలుపు వేసేసుకున్నాడు. మేము పనిచేసిన అన్నేళ్లలో అది మూయడం అదే మొదలు.

అరగంటకు లేచి సర్జన్‌గారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు, తిడితే బాగుండేది. అప్పుడే తెలిసి ఉంటే అని నేనే అడిగాను. ఇలాంటి గడ్డలు మందులకు బాగా కరుగుతాయి, ఊపిరితిత్తుల దాకా పోకముందు దొరికితే చాలామంది బతికి బట్టకడతారు అన్నారు. తర్వాత అడిగారు.

"వాళ్లకు మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?"

నేనే చెప్తానన్నాను. వార్డుకు వెళ్లాను. అతని భార్య మంచినీళ్లకు వెళ్లింది. మంచం పక్కన నిలబడి మాట కూడదీసుకుంటున్నాను. అతనే మొదలుపెట్టాడు. లోపల దాచుకున్నది నాకు తెలిసిపోయింది కాబట్టి ఇక దాచే పని లేదనుకున్నాడో ఏమో.

"చిన్నప్పటి సంది నేను మొగోణ్ణి గాదేమో అని కుమిలిన సారూ. మీరు గా దినం మా ఆమెకు కడుపు నిలిచింది అన్నరు సూడు, గప్పుడు నమ్మిన. నిలువకపాయె, పోనియ్. ఒకసారన్న నిలిచింది గదా."

చెప్పాలని వచ్చింది చెప్పలేదు. అతని చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడి వచ్చేశాను. వరండాలో సర్జన్‌గారు ఎదురై, చెప్పారా అన్నట్టు చూశారు. అవునన్నట్టు తల ఊపాను. ఆ కేసులో నా మొదటి తప్పు తొందరపాటు. ఇది తెలిసి చేసింది. దయతో చేశానా, భయంతో చేశానా అని ఎన్నోసార్లు తూచి చూసుకున్నాను. ఎప్పుడూ ఒకే జవాబు రాలేదు.

హైదరాబాదులో పెద్ద దవాఖానకు పంపారు. గడ్డలోంచి ముక్క తీసి అదేనని తేల్చి, సెలైన్లలో మందులు ఎక్కించారు. రెండు విడతలకే పొట్ట తగ్గిందని, జుట్టు ఊడిందని, మగ్గం ఎప్పుడు ఎక్కాలని అడుగుతున్నాడని వాళ్ల పక్కింటాయన చెప్పాడు. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. మూడో విడత తర్వాత ఒంట్లో శక్తి అడుగంటి, ఊపిరితిత్తులకు చీము పట్టి పోయాడు.

డాక్టరమ్మ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఏ ఊళ్లో ఉందో, ఏ వార్డులో ఉందో, వెనక మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. మొత్తం విని, నేను గట్టిగా అడగాల్సింది అంకుల్, తప్పు నాది కూడా అంది. నీది కాదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. అంత చిన్న పిల్ల నెత్తిన కూడా ఇది పెట్టానే అని ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

రిటైరవడానికి రెండు నెలలుందనగా అతని భార్య వచ్చింది. అత్తకు షుగరు పరీక్ష. ముసలామెను బెంచీ మీద కూర్చోబెట్టి, రిపోర్టు కోసం ఆమె ఒక్కతే లోపలికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఎలా ఉన్నావమ్మా అంటే మామూలుగానే చెప్పుకొచ్చింది. ఇంట్లో రాట్నం మీద మగ్గాలకు దారం కండెలు చుట్టి బతుకుతోంది. అత్త మంచిదే, కాకపోతే రోజుకు ఒకసారైనా ఆ కడుపు సంగతి ఎత్తుతుంది. రాట్నం ముందు నుంచి లేవకుండా కూర్చున్నావు, అందుకే నా మనుమడు నిలవలేదు, వాడుంటే నా కొడుకు ఉన్నట్టే ఉండేది అంటుందట. ఆమె అది చెప్పి, నిజమే అయి ఉంటుంది సారూ, ఆ దినాల్లో పండుగ గిరాకీ ఉండె, నేను లేవలే అంది.

ఇక ఆగలేకపోయాను. తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు సీసాలు, రెండు మూతలు, రెండు గీతలు, అన్నీ చెప్పాను. నీకు ఆ రోజు కడుపు లేదమ్మా, నీ తప్పు ఏమీ లేదు, ఆ గీతలు నీ భర్తవి అన్నాను. ఆమె నా బల్ల వైపు చూస్తూ కూర్చుంది. ఎప్పుడో జిలేబీ పొట్లం పెట్టిన చోటు అది.

"గప్పుడే ఎరుకైతే ఆయన బతుకుతుండెనా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, ఆపుకున్నాను. బతికేవాడేనమ్మా, చాలామంది బతుకుతారట అన్నాను. ఆమె అరుస్తుందని, మనుషుల్ని పిలుస్తుందని చూశాను. పిలిస్తే నాకు కాస్త భారం దిగేది. ఆమె కొంగు తీసి కళ్లు గట్టిగా ఒత్తుకుంది, అంతే.

"ఆయనకు చెప్పిన్రా?"

"చెప్పలేదు."

"మంచిదాయె."

లేచి అత్త రిపోర్టు తీసుకుంది. నాలుగుగా మడిచి జాకెట్లో పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగి, బయట బెంచీ మీద కూర్చున్న ముసలామెను చూసింది. ఇది చెప్తే అత్త తిట్లు తప్పుతాయి కదా, ఇంటికి పోయి చెప్తుందనుకున్నాను. దవాఖాన మీదికి మనుషులొస్తే ఏం చెప్పాలో కూడా ఆ క్షణంలోనే ఆలోచించుకున్నాను, అంత నీచం నాది.

"మా అత్తకు చెప్పకు సారూ," అంది. "ఆమెకు గా మనుమడొక్కడే మిగిలిండు."